అమరచింత నుంచి కురుమూర్తికి: నడకలో పుణ్యం ఎక్కడుంది?

తీర్థయాత్ర ఫలం దేవుడి దర్శనంలో ఉందా, దర్శనం కోసం నడిచిన దారిలో ఉందా అన్నది ధర్మశాస్త్రాలంత పాత ప్రశ్న. బస్సులు, కార్లు వచ్చాక అది మరింత సూటిగా ఎదురవుతోంది. గంటలో చేరే చోటికి రోజంతా నడిచి వెళ్లినవాడికి అదనంగా దక్కేదేమిటి? శాస్త్రం దీనికి ఒక జవాబు చెప్పి పెట్టింది. కృష్ణానది ఎడమ గట్టున అమరచింత, ఆత్మకూరు, అమ్మాపూర్ ఊళ్ల మీదుగా ఏటా కార్తికమాసంలో సాగే నడక వేరే జవాబు చెబుతుంది. ఈ రెండో జవాబు పుస్తకాలకెక్కలేదు కాబట్టి దాన్ని కాస్త నింపాదిగా చూడాలి.

అమరచింత నేడు వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రం. నిజాం రాజ్యంలో ముక్కెర వంశీయులు ఏలిన సంస్థానానికి ఈ ఊరి పేరే ఉండేది, కొలువు మాత్రం ఆత్మకూరులో. దక్షిణాన కృష్ణ పారుతుంది. జూరాల ప్రాజెక్టు కట్టాక అక్కడ నది పెద్ద జలాశయమైంది. అవతలి గట్టు గద్వాల సీమ. ఉత్తరాన, మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గర, గుట్టల వరుసలో కురుమూర్తి స్వామి వెలసిన గుహ ఉంది. నది నుంచి గుట్ట దాకా ఉన్నదంతా ఒక్క రోజు నడకలో దాటగల నేల.

ఈ నేల చుట్టూ ఉన్న క్షేత్రాల పేర్లలోనే నడక గుర్తులు కనిపిస్తాయి. శ్రీశైలానికి పశ్చిమ ద్వారం అలంపురం, ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం అని పెద్దలు చెబుతారు. గుడి ఇంకా చాలా దూరాన, నల్లమల అడవుల లోపల ఉండగా ఇంత ముందే ద్వారాలెందుకు? కాలినడకన వచ్చేవాడికి క్షేత్రం గర్భగుడి దగ్గర మొదలుకాదు. మొదటి గడప దాటినప్పటి నుంచీ అతడు క్షేత్రంలోనే ఉన్నట్టు. కర్ణాటక నుంచి ఉగాదికి శ్రీశైలం నడిచి వచ్చే వీరశైవ భక్తులు నేటికీ ఆ లెక్కనే అడవిలో అడుగుపెడతారు. బస్సులో వెళ్లేవాడికి ద్వారం ఒక ఊరి పేరుగా మిగులుతుంది.

కురుమూర్తి స్థలపురాణంలో మొదట నడిచినవాడు భక్తుడు కాదు, దేవుడే. పద్మావతితో పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక, వేంకటేశ్వరుడు తిరుమల విడిచి ఉత్తరదిక్కుగా బయలుదేరాడట. జూరాల దగ్గర గుండాల జలపాతంలో స్నానం చేసి అలసట తీర్చుకున్నాడట. ఇంకా ముందుకు నడవాల్సిన స్వామి పాదాలు కందిపోతాయని కృష్ణమ్మ ఆయనకు పాదుకలిచ్చిందట. అవి తొడుక్కుని ఆయన కురుమూర్తి గుట్టలు చేరి కాంచనగుహలో నిలిచాడని కథ. ఇందులో ఒక సంగతి ఆగి చూడదగ్గది. వేంకటేశ్వరుడి వడ్డీ కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. తిరుమలలో ఆ కథ హుండీ వైపు తీసుకెళుతుంది. ఇక్కడ అదే కథ దారి పట్టింది. అప్పులపాలై, చెప్పులు లేక, ఏటి ఒడ్డున కాళ్లు కడుక్కుని సాగిపోయే బాటసారిగా దేవుడు కనిపిస్తాడు. వానలు మొహం చాటేస్తే వలసబాట పట్టడం పాలమూరు అని పిలిచే ఈ మహబూబ్‌నగర్ సీమ పల్లెలకు తరతరాలుగా తెలిసిన బతుకు. అలాంటి సీమ తన దేవుణ్ణి నడిచే మనిషిగా ఊహించుకుందంటే అందులో ఆ సీమ అనుభవం ఉంది.

జాతర దీపావళి మరునాటి నుంచి మొదలవుతుంది. అందులో ముఖ్యమైనవన్నీ గుట్ట మీద పుట్టవు, ఊళ్ల నుంచి బయలుదేరుతాయి. స్వామికి పట్టువస్త్రాలు నేసేది అమరచింత పద్మశాలీలు. సన్నని నేతకు ఈ ఊరిది పాత పేరు. స్వామి ఆభరణాలు సంస్థానాధీశుల కాలం నుంచి వస్తున్నవి. ఏడాదంతా ఆత్మకూరులోని బ్యాంకు లాకరులో ఉంటాయి. అలంకరణోత్సవం నాడు వాటిని బయటికి తీసి, మేళతాళాలతో ఊరేగింపుగా నడిపిస్తారు. అమ్మాపూర్‌లో సంస్థానం వారి ఇంట పూజ జరిగాక అవి గుట్టకు చేరతాయి. జాతరకు వచ్చిన జనం గుట్ట కింద కొత్త కుండల్లో దాసంగం అనే నైవేద్యం వండి పెడతారు, గండదీపాలు ఎత్తుకుంటారు. స్వామి ఒంటిమీది బట్ట ఒక ఊరిది, నగలు ఇంకో ఊరి నుంచి, ఇక పాదాలకు తొడిగేవి మరో ఊరివి.

ఆ తొడుగులనే ఉద్దాలు అంటారు. జాతరకు ఆయువుపట్టు ఈ ఉద్దాల ఉత్సవమే. చిన్నవడ్డెమాన్ గ్రామంలోని మాదిగ కుటుంబాలవారు దీపావళి అమావాస్య నుంచి నిష్ఠతో ఉండి, వారం రోజుల పాటు ఈ పాదుకలను తయారుచేస్తారు. పని చెప్పులు కుట్టే పనే. తోలు నానబెట్టాలి, రంపెతో కొలతకు కోయాలి, ఆరెతో పొడిచి దారం లాగి బిగించాలి. రోజూ బతుకుదెరువు కోసం చేసే ఆ పని ఈ ఏడు రోజులు వ్రతమవుతుంది. చేసే చేతులూ మారవు, పనిముట్ల తీరూ మారదు. కార్తిక శుద్ధ సప్తమి నాడు తయారైన ఉద్దాలను ఊరేగింపుగా బయటికి తెస్తారు. ఉద్దాలు ఉంచే చాట వచ్చేది పల్లమర్రి నుంచి. ఊరేగింపు ఊకచెట్టు వాగు దాటి, తిర్మలాపూర్ మీదుగా గుట్ట పాదానికి చేరుతుంది. దారి పొడవునా జనం ఉద్దాలను ఒక్కసారి తాకాలని, తలమీద పెట్టించుకోవాలని, వీపు మీద తట్టించుకోవాలని ఎగబడతారు. ఉద్దాల దెబ్బ తగిలితే పాపం పోతుందని నమ్మకం. గుట్ట కింద ఉద్దాలు కొలువుండే గుడిలో పూజారులు దళితులే. స్వామి ఆ పాదుకలు తొడుక్కుని గుట్టల్లో సంచరిస్తాడని భక్తులు చెప్పుకుంటారు.

ఇప్పుడు శాస్త్రం మాట. తీర్థయాత్రా విధులు చెప్పే గ్రంథాల్లో వాహనం మీద నిషేధం చాలా గట్టిగా ఉంది. ఐశ్వర్యం చూసుకునో, మోహంతోనో వాహనమెక్కి ప్రయాగ వెళ్లేవాడికి ఆ తీర్థం ఫలించదని మత్స్యపురాణం తేల్చింది. ధర్మనిబంధాల్లో ఇంకా నిక్కచ్చి లెక్క ఉంది: వాహనం సగం ఫలం తినేస్తుంది, గొడుగూ చెప్పులూ మిగిలినదాంట్లో సగం తినేస్తాయి. అంటే ఒంటికి ఎంత కష్టమైతే అంత పుణ్యం. నడక ఇక్కడ ఒక తపస్సు. ఎండ, ముల్లు, ఆకలి, నిద్రలేమి, వీటన్నిటినీ ఓర్చుకోవడమే దాని సారం.

ఆ లెక్కను కురుమూర్తి జాతర పక్కన పెట్టి చూస్తే చిత్రమైన విషయం బయటపడుతుంది. శాస్త్రం భక్తుడి కాళ్ల చెప్పులు విప్పించింది. పాలమూరు జనం దేవుడి కాళ్లకు చెప్పులు తొడిగారు. కృష్ణమ్మ ఇచ్చిన పాదుకల కథలో నొప్పి గొప్పది కాదు, నొప్పి చూసి జాలిపడటం గొప్పది. కష్టాన్ని పుణ్యంగా లెక్కించే చూపుకూ, ఎదుటివాడి కష్టాన్ని తగ్గించడాన్ని పుణ్యంగా చూసే చూపుకూ మధ్య దూరం చాలా ఉంది. దారిన పోయేవాడికి నీళ్లు, నీడ, పాదరక్ష ఇవ్వడాన్ని మన పురాణాలు గొప్ప దానంగానే చెప్పాయి. కురుమూర్తి కథలో ఆ దానం అందుకున్న బాటసారి సాక్షాత్తూ దేవుడే.

తపస్సు లెక్క తప్పని దీని అర్థం కాదు. నడకను గౌరవించిన ప్రాచీన గ్రంథాల్లోనే వేరే లెక్కలు కూడా ఉన్నాయి. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు అడవిలో తిరిగి తిరిగి ఇంటిదారి పట్టినప్పుడల్లా ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో ఎదురై, ఆగవద్దు, నడుస్తూనే ఉండు అంటాడు. నడిచేవాడి శ్రమకే పాపాలు నేలకూలుతాయని చెబుతాడు. మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రా మాహాత్మ్యం చెప్పిన చోట ఇంకా పెద్ద మాట ఉంది. యజ్ఞాలకు సంపద కావాలి, సంభారాలు కావాలి, అవి రాజులకే సాధ్యం. దరిద్రుడు కూడా చేయగలిగినది, యజ్ఞాలతో సమానమైనది తీర్థయాత్ర అని. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికీ కాళ్లుంటాయి. ఆ ఒక్క వాక్యంతో పుణ్యం రాజుల యాగశాల దాటి రచ్చబాటకు వచ్చింది. వాహనాన్ని నిషేధించిన మత్స్యపురాణం మాటను కూడా ఈ వెలుగులో చదవాలి. అది దండించింది డబ్బు అహంకారాన్ని. కాళ్లు లేనివాణ్ణి, ముసలివాణ్ణి కాదు.

ఎదురు వాదమూ బలమైనదే. కాశీకి పోయినా రామేశ్వరానికి పోయినా మనసు మారనివాడికి ఒరిగేదేమీ లేదని వేమన పదేపదే అన్నాడు. సత్యం, క్షమ, ఇంద్రియ నిగ్రహం, ఇవే మానస తీర్థాలని, నీళ్లలో మునిగినంత మాత్రాన చేపలకు మోక్షం రాదని పురాణాలే ఒప్పుకున్నాయి. పన్నెండో శతాబ్దిలో కృష్ణకు ఎగువన కన్నడ సీమలో బసవేశ్వరుడు ఇంకా ముందుకు వెళ్లాడు. ఉన్నవాళ్లు గుడి కడతారు, నా దేహమే గుడి అన్నాడు. కదలనిది చెడుతుంది, కదిలేది నిలుస్తుంది అని చెప్పాడు. ఈ మాటలు గుడికి నడిచి వెళ్లేవాణ్ణి ఎత్తిపొడుస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ బసవడు కదలికనే కదా నిలబెట్టింది. నడిచే మనిషిలో దేవుణ్ణి చూడమన్న మాట, నడిచే దేవుడి పాదుకలను మోసుకుపోయే ఊరేగింపుకు అంత పరాయిదేమీ కాదు.

నడకకు కష్టంతోనూ సమూహంతోనూ సంబంధం లేని మరో అర్థం ఉందని చూపే ఉదాహరణ మధ్యధరా సముద్రతీరం నుంచి ఒకటుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో క్రైస్తవ బోధకుడు పౌలు త్రోయ అనే రేవుపట్టణంలో రాత్రంతా, తెల్లవారేదాకా బోధ చేస్తాడు. మరునాడు సహచరులంతా ఓడ ఎక్కి పక్క రేవైన అస్సుకు వెళతారు. పౌలు మాత్రం వాళ్లతో ఎక్కలేదు. తాను కాలినడకన వస్తానని చెప్పి, తీరప్రాంతం మీదుగా నడిచి, అస్సులో వాళ్లను కలుసుకుని ఓడ ఎక్కాడు. ఈ రెండు ఊళ్లూ నేటి తుర్కియేలో ఉన్నాయి. మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైమాటే. పెంతెకొస్తు పండుగ నాటికి యెరూషలేము చేరాలని ఆయన తొందరపడుతున్నాడని అదే అధ్యాయం చెబుతుంది. తొందరలో ఉన్నవాడు, నిద్రలేనివాడు, ఎక్కడానికి ఓడ సిద్ధంగా ఉన్నవాడు ఒక పగలంతా నడకకు ఎందుకిచ్చాడు? గ్రంథం కారణం చెప్పలేదు. ఆ మౌనాన్ని వ్యాఖ్యాతలు రకరకాలుగా పూరించారు. ముందున్న కష్టాల గురించి ఏకాంతంలో ఆలోచించుకోవడానికి అన్న వివరణ సహజంగా తోస్తుంది. అక్కడ గుడి లేదు, వ్రతం లేదు, పుణ్యం లెక్క లేదు. ఒక రేవు నుంచి పక్క రేవుకు నడక, అంతే. అలాగని మొక్కు నడకకూ మామూలు నడకకూ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఇటలీ తీరంలో చింక్వె తెర్రె అని పిలిచే ఐదు ఊళ్లలో ఒక్కోదానికి పైన కొండ మీద ఒక్కో మరియమాత ఆలయం ఉంది, వాటిని కలిపే కాలిబాట ఉంది. అక్కడ షికారుకు నడిచేవాళ్లూ మొక్కుకు నడిచేవాళ్లూ ఒకే బాట మీద పోతారు. వాళ్లను వేరుచేసి చెప్పడం చూసేవాడికి కష్టం, ఒక్కోసారి నడిచేవాడికే కష్టం.

పాదుకలే యాత్ర చేయడం మన పక్కనే మహారాష్ట్రలోనూ ఉంది. ఆషాఢ ఏకాదశికి జ్ఞానేశ్వరుడి పాదుకలు ఆళంది నుంచి, తుకారాం పాదుకలు దేహూ నుంచి పల్లకీల్లో పండరిపురం బయలుదేరతాయి. వాటి వెంట వార్కరీలనే విఠల భక్తులు లక్షల మంది రోజుకు ఒక మజిలీ చొప్పున మూడు వారాలు నడుస్తారు. పండరిలో విఠలుడి దర్శనం చాలామందికి దొరకను కూడా దొరకదు. శిఖరానికి దండం పెట్టుకుని తిరిగి వెళ్లిపోతారు. అయినా యాత్ర వృథా అయిందని ఏ వార్కరీ అనడు. దారిలో దిండీలనే భక్తబృందాలు కలిసి పాడటం, దారి ఊళ్లవాళ్లు అన్నం పెట్టడం, అవే యాత్ర.

నడక మతం గడప దాటి ఏం చేయగలదో తెలంగాణ నేల మీదే కనిపించింది. 1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా సమీపంలోని పౌనార్ నుంచి నడిచి వచ్చాడు. రైలుండగా నడకెందుకని అడిగినవాళ్లున్నారు. సమ్మేళనం అయ్యాక ఆయన రైలెక్కి తిరిగి వెళ్లిపోయి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. ఊరూరా నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగాడు. అక్కడి దళితులు తమకు 80 ఎకరాల భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం పుట్టింది అలా. ఎవరూ పిలవని ఊళ్లో ఆగే వీలు, ఎవరూ చెప్పని మాట వినే వీలు నడిచేవాడికే ఉంటుంది.

ఈ వెలుగులో కురుమూర్తి జాతర చెప్పే జవాబు స్పష్టమవుతుంది. ఇక్కడ నడకలో ప్రధానం కష్టం కాదు, ఏకాంతం కూడా కాదు. ఒకరి ఊరి మీదుగా మరొకరు వెళ్లడం. ఆభరణాలు బ్యాంకు నుంచి నేరుగా గుట్టకు చేరితే స్వామికి అలంకారం లోటు కాదు. కానీ దారి ఊళ్లకు ఆ రోజు ఉండదు. వడ్డెమాన్ తోలు, అమరచింత నూలు, ఆత్మకూరు పెట్టె, అమ్మాపూర్ ఇల్లు, ఇవి ఒకదాని గడప ఒకటి తొక్కితే తప్ప కురుమూర్తి దేవుడు పండుగకు సిద్ధం కాడు. దేవుడిలో ప్రతి ఊరికీ ఒక వాటా ఉందని ఈ నడక ఏటా అందరి ఎదుటా రుజువు చేస్తుంది.

దీన్ని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఒక నిజం దాచకూడదు. ఉద్దాల నాడు తోలు పనివాడి చేతి వస్తువును ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంది. మిగిలిన ఏడాదిలో అదే చేతికి అదే గౌరవం దక్కిందా అంటే, పాలమూరు పల్లెల చరిత్ర అవునని చెప్పదు. రెండు గ్లాసుల పద్ధతి, ఊరి చివరి వాడ, ఇవి ఈ సీమకు తెలియనివి కావు. ఉత్సవం అంటరానితనాన్ని పోగొట్టలేదు. అయితే అంటరానితనం అబద్ధమని ఒప్పుకునే ఒక సాక్ష్యాన్ని ఊరి నోటితోనే ఏటా పలికిస్తోంది. దేవుడి పాదానికి పనికొచ్చిన చెయ్యి మనిషి మంచినీళ్ల కుండకు ఎందుకు పనికిరాదన్న ప్రశ్నకు జాతరకు వచ్చే ఏ భక్తుడూ జవాబు చెప్పలేడు.

2024 నవంబరు 10న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కురుమూర్తికి వచ్చి, గుట్ట మీదికి 110 కోట్ల రూపాయలతో ఘాట్ రోడ్డుకు శంకుస్థాపన చేశారు. మెట్లెక్కలేని ముసలివాళ్లు, గర్భిణులు, వికలాంగులు స్వామిని చూడటానికి ఇది అవసరం. దీనివల్ల నడక చచ్చిపోతుందన్న భయం చాలావరకు ఆధారం లేనిది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. ఎనభై ఏళ్లు దాటినా అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కేవాళ్ల వరుస తెగలేదు. పైగా రోడ్డు వచ్చాక నడక ఎవరి మీదా రుద్దిన కష్టం కాకుండా, కోరి చేసే మొక్కు అయింది. కష్టమే పుణ్యమనుకుంటే రోడ్డు నష్టం. కష్టం తగ్గించడం పుణ్యమనుకుంటే, కృష్ణమ్మ పాదుకలిచ్చిన వరుసలోనే ఈ రోడ్డూ చేరుతుంది.

జాగ్రత్తపడాల్సింది గుట్ట మెట్ల గురించి కాదు, ఊళ్ల మధ్య బాట గురించి. గుట్ట ఎక్కే దారి ఎన్ని విధాలుగా మారినా స్వామికి ఊళ్లతో ఉన్న బంధం తెగదు. వడ్డెమాన్ నుంచి వాగు దాటి వచ్చే ఉద్దాలను రేపు ఎవరైనా భద్రత పేరుతో, రద్దీ పేరుతో వ్యానులో ఎక్కించి గుట్ట కింద దింపితే ఆ రోజు తెగుతుంది. ఆత్మకూరు నుంచి అమ్మాపూర్ దాకా, అమరచింత నుంచి ఆత్మకూరు దాకా, వడ్డెమాన్ నుంచి తిర్మలాపూర్ దాకా నడిచేవాళ్ల కోసం తారురోడ్డు పక్కన మట్టిబాట ఉంచాలి. వాగు దగ్గర వరద రోజుల్లోనూ ఊరేగింపు నడిచి దాటగలిగే వంతెన ఉండాలి. మజిలీకో చలివేంద్రం, నాలుగు వేపచెట్లు ఉండాలి. 110 కోట్లు గుట్టకు కేటాయించిన ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు. దేవస్థానం, దారి ఊళ్ల పంచాయతీలు కలిసి అడగాలి, వచ్చే దీపావళికి ముందే అడగాలి.